తక్కువ ఖర్చులో ఆన్‌లైన్ ఎంబీఏ: టర్మ్ ఫీజా, కోర్సు ఫీజా, బ్యాచ్‌తోనా? ఏది మేలు?

"క్రెడిట్‌కు ఇంతే" అని పెద్దక్షరాల్లో కనిపించే అంకెను బట్టి ఏ ప్రోగ్రాం చవకో తేల్చలేం. క్రెడిట్ అంటే చదువు మోతాదును కొలిచే యూనిట్; డిగ్రీకి ఎన్ని క్రెడిట్లన్నది ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది. అమెరికాలోనే ఇల్లినాయ్ యూనివర్సిటీ ఆన్‌లైన్ ఎంబీఏకి 72 క్రెడిట్లు కావాలి, బోస్టన్ యూనివర్సిటీలో 45 చాలు. ఊరికే లెక్కకోసం అనుకుందాం: క్రెడిట్‌కు 300 డాలర్ల చొప్పున 72 తీసుకుంటే 21,600, క్రెడిట్‌కు 450 చొప్పున 45 తీసుకుంటే 20,250. రేటు ఎక్కువున్నదే చవకగా తేలింది. దేశం మారితే క్రెడిట్ అర్థమే మారిపోతుంది. బ్రిటన్‌లో మాస్టర్స్‌కు 180 క్రెడిట్లు, ఒక్కోటి సుమారు 10 గంటల చదువు. అదే డిగ్రీ యూరప్ లెక్కలో 90 క్రెడిట్లు. కాబట్టి మొత్తం ఫీజు ఎంత, మొత్తం గంటలెన్ని అన్న రెండే పక్కపక్కన రాసుకోవాలి.

అసలు తేడా ఫీజు కట్టించుకునే పద్ధతిలో ఉంది. దాన్నిబట్టే చదువు నడక ఉంటుంది.

మొదటిది టర్మ్‌కు ఒకే ఫీజు. అమెరికాలోని వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీది ఈ దారి: ఆరు నెలలకు ఒక మొత్తం కట్టి, ఆ లోపు ఎన్ని కోర్సులు పూర్తి చేయగలిగితే అన్ని చేసుకోవచ్చు. అకౌంట్స్, మేనేజ్‌మెంట్ పనిలో ఇప్పటికే చెయ్యి తిరిగినవాళ్లకు దీనికంటే చవక బేరం దొరకదు. తెలిసిన సబ్జెక్టు పరీక్షలు త్వరగా దాటేసి రెండు టర్ముల్లో ముగిస్తే ఒక ఖర్చు, నాలుగు టర్ములు పడితే సరిగ్గా రెట్టింపు. ఆఫీసు పని ముంచుకొచ్చి మూడు నెలలు పుస్తకం తెరవకపోయినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఇంకో మెలిక: ఇక్కడ మార్కుల గ్రేడ్లుండవు, పాసయ్యారా లేదా అంతే. ముందుముందు పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్లు ఆ చేరబోయే చోట దీన్ని ఎలా చూస్తారో ముందే అడగాలి.

రెండోది ఏ కోర్సుకు ఆ కోర్సు ఫీజు. ఇల్లినాయ్ 2016లో కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌తో కలిసి మొదలుపెట్టిన ఎంబీఏ ఈ తరహాదే. చేతిలో డబ్బు, తీరిక ఉన్నప్పుడు తీసుకోవచ్చు, లేనప్పుడు ఆగొచ్చు. బెడిసికొట్టేది రెండు చోట్ల. డిగ్రీ మొత్తానికి గడువుంటుంది, అది దాటితే పాత క్రెడిట్లు మురిగిపోవచ్చు. మధ్యలో ఫీజు పెరిగితే మిగిలిన కోర్సులకు కొత్త రేటు పడొచ్చు. మార్కెటింగ్, లీడర్‌షిప్ లాంటి తేలికైనవన్నీ ముందు చేసేసి, స్టాటిస్టిక్స్‌నూ ఫైనాన్స్‌నూ చివరికి నెట్టేవాళ్లు చాలామంది అక్కడే చతికిలపడతారు. ఆ రెండింటిలో ఒకదాన్ని మొదటి టర్ములోనే పెట్టుకోండి. కొనసాగగలరో లేదో తక్కువ డబ్బుతో తేలిపోతుంది.

మూడోది బ్యాచ్ పద్ధతి, అంటే ఒకేసారి చేరినవాళ్లంతా కలిసి చదవడం. బోస్టన్ 2020లో ఎడ్‌ఎక్స్ అనే మరో ఆన్‌లైన్ కోర్సుల సైట్‌తో మొదలుపెట్టినది ఇలాంటిదే: తేదీలు ముందే ఖరారు, టీమ్ అసైన్‌మెంట్లు, లైవ్ క్లాసులు. గతంలో ఆన్‌లైన్ కోర్సులు కొని సగంలో వదిలేసిన అలవాటుంటే, కాస్త ఎక్కువైనా ఇదే మేలు. టీమ్ ఎదురుచూస్తుందన్న మొహమాటం పని చేయిస్తుంది. అయితే వేరే ఖండంలో సాయంత్రం ఏడింటి క్లాసు మీకు తెల్లవారుజామున పడొచ్చు. హాజరు తప్పనిసరా, రికార్డింగ్ చూస్తే సరిపోతుందా అన్నది అడగకుండా డబ్బు కట్టొద్దు. ఒక మాడ్యూల్ (కోర్సులో ఒక భాగం) తప్పితే తర్వాతి బ్యాచ్ దాకా ఆగాల్సి రావచ్చు.

ఎంబీఏనే కావాలా అన్నదీ చూడాలి. ఉద్యోగ అనుభవం లేనివాళ్లకు మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్, లేదా ఫైనాన్స్, అనలిటిక్స్ లాంటి ఒకే సబ్జెక్టు డిగ్రీ నయం. అమెరికాలో ఇవి తరచూ 30-36 క్రెడిట్లతో అయిపోతాయి. ఏఎంబీఏ (ఎంబీఏ ప్రోగ్రాంలకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపున్న ఎంబీఏలో చేరాలంటే కనీసం మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఆ అనుభవం ఉండి మేనేజరు పదవి వైపు వెళ్తున్నవాళ్లకే ఎంబీఏ ఖర్చు గిట్టుబాటు.

గుర్తింపు దగ్గర మోసపోయేది ఒక్క మాటతో: "మెంబర్". బిజినెస్ స్కూళ్లకు గుర్తింపునిచ్చే సంస్థ ఏఏసీఎస్‌బీలో గుర్తింపు లేని కాలేజీలు కూడా సభ్యులుగా ఉండొచ్చు. లోగోను నమ్మకుండా ఏఏసీఎస్‌బీ, ఏఎంబీఏ, అలాంటిదే అయిన ఈక్విస్‌ల సొంత సైట్లలో పేరు వెతకండి. ఇవి బిజినెస్ స్కూలుకో ప్రోగ్రాంకో ఇచ్చేవి. యూనివర్సిటీకి దాని దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం ఉందా, మీరు పనిచేసే దేశంలో ఆన్‌లైన్ డిగ్రీని ఒప్పుకుంటారా అన్నవి వేరే ప్రశ్నలు. ప్రభుత్వోద్యోగమో పై చదువో లక్ష్యమైతే ఈ చివరిదే అన్నిటికంటే ముందు. పట్టా ఎవరి పేరుతో వస్తుందో, అది డిగ్రీయో ఉత్త సర్టిఫికెట్టో కూడా రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇక అసలుకు తోడయ్యే కొసర్లు: దరఖాస్తు ఫీజు, టెక్నాలజీ ఫీజు, కేస్ స్టడీ ప్యాకెట్లు, కెమెరా నిఘా పరీక్షల ఖర్చు, తప్పితే మళ్లీ రాసే ఫీజు, గ్రాడ్యుయేషన్ ఫీజు, ఒక్కోచోట క్యాంపస్‌లో కొద్దిరోజులుండే షరతు. విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు కోత, మారకం తేడా అదనం. ఇవన్నీ ప్రచార పేజీలో ఉండవు. స్టూడెంట్ హ్యాండ్‌బుక్ తెరిచి ఫీ, రీటేక్, విత్‌డ్రా అన్న మూడు మాటలు వెతికితే దొరుకుతాయి. విత్‌డ్రా తేదీలను క్యాలెండర్లో ఎక్కించుకోండి: ఒక తేదీ దాకా డబ్బు మొత్తం వెనక్కిస్తారు, తర్వాత కొంతే, ఆపైన పైసా రాదు, పైగా మార్కుల పత్రంలో "డబ్ల్యూ" (విత్‌డ్రా అయ్యారన్న గుర్తు) అన్న అక్షరం మిగులుతుంది.