బడి సీట్లు: ఒక్క ఏడాది అదనపు తరగతా, శాశ్వత విస్తరణా?

ఇంగ్లండ్‌లో సరిపడా బడి సీట్లు చూపించాల్సిన బాధ్యత స్థానిక కౌన్సిల్‌దే. చిన్న తరగతుల్లో టీచర్‌కు 30 మందే పరిమితి. అది దాటేలా ఉంటే టెన్షన్ మొదలు. ఏడేళ్ల ప్రాథమిక బడికి దారులు రెండు: ఒక్క ఏడాది చేరే పిల్లల కోసమే ఇంకో తరగతి పెట్టడం (అదనపు తరగతి), లేదా ఏటా ఇంకో తరగతి పిల్లల్ని చేర్చుకునేలా బడిని పెంచడం (విస్తరణ).

ఖర్చు: అదనపు తరగతికి ఓ గది సర్దితే చాలు. విస్తరణకు ఏడు గదులు, పెద్ద భోజనశాల కావాలి.

శ్రమ: విస్తరణకే ఎక్కువ. సంప్రదింపులు, ప్లానింగ్ అనుమతి తప్పవు.

రిస్క్: అదనపు తరగతి ఒక్క ఏడాదితో పోదు. ఆ పిల్లలు ఏడేళ్లూ అదే బడిలో ఉంటారు, వెనకాలే తమ్ముళ్లూ చెల్లెళ్లూ సీటడుగుతారు. విస్తరిస్తే భయం వేరు: నిధులు ఎక్కువగా తలలెక్కనే వస్తాయి, ఖాళీ బెంచీలు బడ్జెట్‌ను తినేస్తాయి.

స్కూల్ నర్సుల ఖర్చూ 2013 నుంచి కౌన్సిల్‌దే. సీట్లు పెంచేవాళ్లు ఆ పద్దు మర్చిపోతుంటారు!

జననాలు ఒక్క ఏడాది ఎగిస్తే అదనపు తరగతి. కొత్త ఇళ్లు వరసగా లేస్తుంటే విస్తరణే నయం.