జాగ్రత్త: 'వాటర్‌ప్రూఫ్ ఫోర్ బై ఫోర్' ఆర్సీ ట్రక్కు కొని బురదలో దించేముందు

ఆన్‌లైన్‌లో 10 వేల నుంచి 18 వేల రూపాయల మధ్య "వాటర్‌ప్రూఫ్, ఆల్ టెరైన్, ఫోర్ వీల్ డ్రైవ్" అని రాసి అమ్ముతున్న ఊరూపేరూ లేని 1:10 సైజు (అసలు బండిలో పదో వంతు) రిమోట్ కంట్రోల్ ట్రక్కులతో, అంటే ఆర్సీ ట్రక్కులతో జాగ్రత్త. అలాంటి బండి ఒకటి తడి మట్టిలో మొదటి బ్యాటరీ అయిపోకముందే స్టీరింగ్ పోగొట్టుకుంది, కాసేపటికి మొత్తం ఆగిపోయింది. అమ్మినవాళ్లను అడిగితే వచ్చిన జవాబు: "వాటర్ డ్యామేజ్ వారంటీలోకి రాదు." వాటర్‌ప్రూఫ్ అని చెప్పి అమ్మిన వస్తువుకు నీళ్లు తగిలాయని వారంటీ ఎగ్గొట్టడం అన్యాయం. ఇదే బండి రకరకాల స్టిక్కర్లతో, రకరకాల పేర్లతో దొరుకుతోంది. అందుకే ఇక్కడ పేరు కంటే లోపల ఏముందో గుర్తుపట్టడం ముఖ్యం.

స్టీరింగ్ సర్వో (చక్రాలను పక్కలకు తిప్పే చిన్న మోటరు డబ్బా) నుంచి వచ్చే వైర్లు ముందు లెక్కపెట్టండి. మామూలు హాబీ సర్వోకు 3 వైర్లు ఉంటాయి: ప్లస్, మైనస్, సిగ్నల్. ఈ బండిలో 5 ఉన్నాయి. అంటే సర్వో డబ్బాలో సర్క్యూట్ లేదు. చిన్న మోటరు, చక్రం ఎటు తిరిగిందో చెప్పే పొటెన్షియోమీటరు మాత్రమే ఉన్నాయి. దాన్ని నడిపే సర్క్యూట్, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్, బండి మోటరు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ మూడూ ఒకే బోర్డు మీద ఉన్నాయి. సర్వో పోతే బజారులో దొరికే ఏ మామూలు సర్వో దానికి పట్టదు. బోర్డు పోతే మూడూ ఒకేసారి పోయినట్టే. దానికి జతగా వచ్చిన రిమోట్ కూడా పక్కన పడేయాల్సిందే, ఎందుకంటే అది వేరే రిసీవర్‌తో కలవదు.

ఆ బోర్డుకు ఒకవైపు మాత్రమే జిగురు పూశారు. స్విచ్ వైర్లు అతికించిన చోట సోల్డర్ బయటికే కనిపిస్తోంది. సర్వో కేసు రెండు ముక్కలు కలిసే చోట ఓ-రింగ్ లేదు, పైన షాఫ్ట్ చుట్టూ సీల్ లేదు. బురదనీళ్లు లోపలికి దిగి పొటెన్షియోమీటరు మీద పేరుకున్నాక చక్రాలు ఒక పక్కకు తిరిగి వణుకుతూ ఉండిపోయాయి. అలా కనిపించిన క్షణంలోనే బ్యాటరీ ఊడదీయాలి. ఊడదీయకపోతే సర్వో మోటరు బిగుసుకుని కరెంటు లాగుతూనే ఉంటుంది, చివరికి బోర్డు మీది డ్రైవర్ చిప్ కాలిపోతుంది. ఇక్కడ జరిగింది అదే.

కాబట్టి 'వాటర్‌ప్రూఫ్' అన్నవాళ్లను ఐపీ రేటింగ్ అంకె అడగండి, దుమ్మునూ నీళ్లనూ ఎంతవరకు ఆపుతుందో చెప్పేది అదే. ఐపీఎక్స్4 అంటే తుంపరకు తట్టుకుంటుంది, అంతే. ఐపీ67 అంటే దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉన్నా లోపలికి నీరు పోదు. ఆ అంకె ఈఎస్‌సీకా, సర్వోకా, రిసీవర్‌కా అన్నది విడివిడిగా చెప్పించుకోండి. చాలా ప్రకటనల్లో ఈఎస్‌సీ ఒక్కదానికి ఉన్న రేటింగును బండి మొత్తానికి అంటగడతారు. అసలు ఈఎస్‌సీకి రేటింగ్ ఉన్నా దాని మీది ఫ్యాను చాలావాటిలో ఆ లెక్కలోకి రాదు. బురదలోకి వెళ్లేముందు దాన్ని తీసి పక్కన పెట్టడమే మేలు.

ఇంకో సంగతి. ఆ పరీక్షలు చేసేది మంచినీళ్లతో. మన నేలల్లో బురద వేరు. ఎర్రనేలలో ఇసుక గరుకు ఎక్కువ, బేరింగుల్లోకి, గేర్లలోకి దూరి అరగదీస్తుంది. నల్లరేగడి అయితే టైరుకు, ఛాసిస్‌కు, సస్పెన్షన్ చేతులకు పట్టుకుని వదలదు. దమ్ము చేసే ట్రాక్టరుకు కేజ్‌వీల్స్ ఎందుకు బిగిస్తారో చూసినవాళ్లకు ఈ బాధ వెంటనే అర్థమవుతుంది. గుబ్బల మధ్య సందు తక్కువగా ఉన్న టైరు నాలుగు గజాలు పోగానే నున్నటి మట్టి చక్రమైపోతుంది. గుబ్బలు ఎత్తుగా, దూరదూరంగా ఉన్న సన్నటి టైర్లు కావాలి. వెడల్పు టైరు చూడ్డానికి బాగుంటుంది కానీ అది మోసే మట్టి ఎక్కువ, మోటరు మీద బరువూ ఎక్కువ.

మోటరు సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఎలక్ట్రానిక్స్ అన్నీ బాగున్న బండ్లు కూడా బురదలో చచ్చేది ఇక్కడే. ప్రకటనలో గంటకు 50, 60 కిలోమీటర్లు అని ఊరించడానికి పెద్ద పినియన్ (మోటరు షాఫ్ట్ మీది చిన్న గేరు) బిగించి పంపుతారు. ఎండిన నేల మీద అది బాగానే పరుగెడుతుంది. మట్టి పట్టి బరువెక్కాక అదే గేరింగ్‌తో మోటరు తిరగలేక మూలుగుతుంది, కరెంటు విపరీతంగా లాగి వేడెక్కుతుంది. లెక్క తేలికే. పినియన్ తిప్పే పెద్ద గేరు, అంటే స్పర్ గేరుకు 54 పళ్లు, పినియన్‌కు 17 ఉంటే నిష్పత్తి 3.18. పినియన్‌ను 13 పళ్లదానికి మారిస్తే 4.15. చక్రం దగ్గర తిప్పే బలం దాదాపు 30 శాతం పెరుగుతుంది, గరిష్ఠ వేగం నాలుగో వంతు తగ్గుతుంది. బురదకు కావలసింది ఇదే. పినియన్ కొనేటప్పుడు రెండు చూసుకోవాలి: మోటరు షాఫ్ట్ 3.17 మిల్లీమీటర్లా, 5 మిల్లీమీటర్లా. పళ్ల సైజు 48 పిచ్ రకమా, 32 పిచ్ రకమా, మాడ్ 1 రకమా. పొరపాటున వేరేది బిగిస్తే ప్లాస్టిక్ స్పర్ పళ్లు నిమిషాల్లో రాలిపోతాయి. బిగించేటప్పుడు రెండు గేర్ల మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి, మోటరు ఆనించి, స్క్రూలు బిగించాక కాగితం తీసేయండి. 5 నిమిషాలు నడిపాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మోటరు మీద చూడండి. 80 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆపేసి పినియన్‌కు ఇంకో పన్ను తగ్గించాలి. చక్రాలు కూరుకుపోతే థ్రాటిల్ నొక్కి పట్టుకోవద్దు, వెళ్లి చేత్తో తీయండి.

'ఫోర్ వీల్ డ్రైవ్' అన్న మాట కూడా సగమే నిజం. ఎడమ, కుడి చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టెలు, అంటే డిఫరెన్షియళ్లు (డిఫ్‌లు) రెండూ ఓపెన్‌గా, లాక్ లేకుండా ఉంటే ముందొకటి, వెనకొకటి జారి తిరుగుతుంటాయి, మిగతా రెండు చక్రాలు ఊరికే నిలబడతాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు చాలా చౌక బండ్ల డిఫ్‌లో చెంచాడు గ్రీజు మాత్రమే ఉంటుంది. సీల్, గాస్కెట్ ఉన్న డిఫ్ అయితే 10 వేల నుంచి 30 వేల సీఎస్‌టీ (చిక్కదనం కొలత) సిలికాన్ ఆయిల్ పోస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. సీల్ లేని డిఫ్‌లో ఆయిల్ పోసి లాభం లేదు, కారిపోతుంది. మెల్లగా లోతు బురద దాటించడమే మీ సరదా అయితే యాక్సిల్ లాక్ అయ్యే (రెండు పక్కల చక్రాలూ కలిసే తిరిగే) ట్రెయిల్ ట్రక్కు రకం చూడండి. ఉదాహరణకు ట్రాక్సాస్ టీఆర్‌ఎక్స్-4లో డిఫ్‌లు రిమోట్ నుంచే లాక్ అవుతాయి, పోర్టల్ యాక్సిళ్ల (చక్రం దగ్గర గేర్లు పెట్టి ఇరుసును పైకి లేపిన ఏర్పాటు) వల్ల నేల నుంచి ఎత్తు దొరుకుతుంది, రిసీవర్‌కు సీలు వేసిన పెట్టె ఉంటుంది. ధర ఎక్కువే. కానీ ప్రతి ముక్కా విడిగా దొరుకుతుంది.

స్పేర్ పార్టుల మాట డబ్బు కట్టకముందే తేల్చుకోండి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. విదేశం నుంచి ఒక గేరు తెప్పించుకుందాం అనుకుంటే పార్సిల్ ఖర్చు కూడా కలిసి తడిసి మోపెడవుతుంది. స్పర్ గేరు, డ్రైవ్ షాఫ్ట్, సర్వో సేవర్ (దెబ్బల నుంచి సర్వోను కాపాడే ముక్క), చక్రం బిగించే హబ్ ఈ నాలుగూ దేశంలో స్టాకులో ఉన్నాయని లింకు చూపించలేని అమ్మకందారు దగ్గర కొనకండి.

బ్యాటరీలో కూడా మోసం ఉంది. 2ఎస్ (రెండు సెళ్లు), 5000 ఎంఏహెచ్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ అసలుది దాదాపు 250 నుంచి 300 గ్రాములు తూగుతుంది. 150 గ్రాములే ఉంటే దాని మీద ఏ అంకె రాసినా నమ్మొద్దు. ఈఎస్‌సీలో లిపో మోడ్ ఉందో లేదో చూడండి. ఎన్ఐఎంహెచ్ (నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ) మోడ్‌లో ఉంచి లిపో నడిపితే సెల్ 3 వోల్టుల కిందికి దిగిపోయి ప్యాక్ ఉబ్బుతుంది. ఉబ్బిన ప్యాక్‌ను మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు.

ఇప్పటికే కొనేసినవాళ్లు, 3 వైర్ల సర్వో, విడి రిసీవర్ ఉన్న బండి అయితే, చేయగలిగింది చాలా ఉంది. సర్వో స్క్రూలు విప్పి కేసు అంచులకు, షాఫ్ట్ చుట్టూ సిలికాన్ గ్రీజు పూసి మూయండి. రిసీవర్ బోర్డుకు రెండువైపులా కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా సర్క్యూట్లకు పూసే పూత) రెండుసార్లు వేయండి. పిన్నులకు, బటన్‌కు తగలకుండా టేపు అంటించాలి. యాంటెన్నా చివరి 3 సెంటీమీటర్లు ట్యూబులో పైకి నిలబడి ఉండాలి, దాన్ని కత్తిరించకూడదు. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీళ్లలో నిలవదు కాబట్టి ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే బండి తనంతట తానే ఆగే ఏర్పాటు) తప్పక చూడాలి: చక్రాలు గాల్లో ఉంచి, కొద్దిగా థ్రాటిల్ ఇచ్చి, రిమోట్ ఆపేయండి. చక్రాలు ఆగకపోతే ఆ బండిని చెరువు గట్టుకు తీసుకెళ్లకండి. 20 కేజీ-సెంటీమీటర్ల టార్క్ ఉన్న బలమైన సర్వోకు మారేవాళ్లు ఈఎస్‌సీలోని బీఈసీ (సర్వోకు, రిసీవర్‌కు కరెంటు ఇచ్చే భాగం) ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చూసుకోండి. 2 ఆంపియర్లే అయితే స్టీరింగ్ గట్టిగా తిప్పినప్పుడల్లా రిసీవర్ ఆగి మొదలవుతుంది. విడిగా బీఈసీ పెట్టాలి. సర్వో షాఫ్ట్‌కు బిగించే చేయి, అంటే హార్న్ పళ్లు కూడా కలవాలి: 23, 24, 25 మూడు రకాలున్నాయి.

బుష్‌ల (ఇరుసు తిరిగే సాదా రింగుల) స్థానంలో రబ్బరు సీలున్న బేరింగులు వేయించండి. సైజు కాలిపర్‌తో కొలిచి కొనండి, సీలుకు 2ఆర్ఎస్ అని గుర్తు ఉంటుంది. ఆడిన ప్రతిసారీ ముందు బ్యాటరీ తీసి, మెల్లటి ధారతో కడిగి, చక్రాలు ఊడదీసి, టైరు లోపలి స్పాంజి నీళ్లు పిండి ఆరబెట్టండి. బైకులు కడిగే ప్రెషర్ గన్ అస్సలు వాడొద్దు, సీళ్ల లోపలికి మట్టి కొడుతుంది.

డబ్బు వెనక్కి రావాలంటే ఆధారాలు ముందే ఉండాలి. కొనేరోజే 'వాటర్‌ప్రూఫ్' అన్న మాట కనిపించేలా ప్రకటన మొత్తం స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఫిర్యాదు వెళ్లాక ఆ మాట మాయమవుతుంది. పార్సిల్ విప్పడం ఒక్క ముక్కగా వీడియో తీయండి, బాడీ ఎత్తి సర్వో వైర్లు కూడా అందులో చూపించండి. 5 వైర్లు కనిపిస్తే నేలకు ఆనించకుండానే రిటర్న్ పెట్టేయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, గడువు 2 సంవత్సరాలు.