డీస్పేస్ సెట్టింగులు ఎక్కడ రాయాలి: అసలు ఫైల్లోనా, లోకల్ ఫైల్లోనా, ఎన్విరాన్‌మెంట్‌లోనా?

థీసిస్‌లు, పరిశోధన పత్రాలు దాచి, వెతుక్కునే వీలు కల్పించే సాఫ్ట్‌వేర్ డీస్పేస్. బెంగళూరుకు అది కొత్త కాదు. ఐఐఎస్సీ థీసిస్‌ల భాండారం దాని మీదే నడుస్తోంది, కాలేజీ లైబ్రరీల్లోనూ తరచుగా కనిపిస్తుంది. ఆ సర్వర్లు చూసుకునే మన తెలుగువాళ్లలో చాలామందిది ఒకటే ఇబ్బంది. ఇన్‌స్టాల్ చేసిన ఏజెన్సీ ఎప్పుడో వెళ్లిపోయింది. ఏ ఫైల్లో ఏం మార్చారో రాసిపెట్టలేదు. ఆరో వెర్షన్‌కు సపోర్టు 2023 జులైలోనే ఆగిపోయింది కాబట్టి ఇక ముందుకు కదలక తప్పదు. అప్‌గ్రేడ్ రెండు రోజుల్లో తేలుతుందా, రెండు వారాలు పీడిస్తుందా అన్నది సెట్టింగులు ఎక్కడ రాశారన్నదాన్ని బట్టే ఉంటుంది.

మొదటి దారి, డీస్పేస్.సీఎఫ్‌జీని (సెట్టింగుల ప్రధాన ఫైలు) గానీ మాడ్యూల్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లను గానీ నేరుగా దిద్దడం. సులువే, కానీ వద్దు. డీస్పేస్‌లో కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైళ్లు) రెండుచోట్ల ఉంటుంది: సోర్స్ ఫోల్డర్‌లో ఒకటి, నడుస్తున్న ఇన్‌స్టలేషన్‌లో ఒకటి. మీరు నడుస్తున్నదాన్ని దిద్దుతారు. ఆర్నెల్ల తర్వాత ఎవరో ఏంట్ అప్‌డేట్ (సోర్స్‌లోనివాటిని ఇన్‌స్టలేషన్‌లోకి చేర్చే కమాండ్) కొడతారు. సోర్స్‌లోని ఫైలు వచ్చి మీ ఫైలు స్థానంలో కూర్చుంటుంది, మీది .ఓల్డ్ తోకతో పక్కకు పోతుంది. విలువలు పోలేదు, కానీ వేల లైన్ల ఫైల్లో మీరు మార్చిన ఇరవై లైన్లను వెతుక్కోవాలి. ఓవర్‌రైట్ ఆప్షన్‌ను ఫాల్స్ చేసి నడిపితే పాతవి కదలవు, కొత్తవి .న్యూ పేరుతో వస్తాయి. అప్పుడు కొత్త వెర్షన్‌కు కావలసిన సెట్టింగులు మీ ఫైల్లో ఉండవు. తలనొప్పి అలాగే ఉంటుంది, చోటు మారుతుందంతే.

రెండో దారి లోకల్.సీఎఫ్‌జీ. ఆరో వెర్షన్‌తో వచ్చింది. అసలు ఫైళ్లను ముట్టుకోకుండా, మనం మార్చే విలువలే ఇందులో రాస్తాం. డేటాబేస్ చిరునామా, హ్యాండిల్ ప్రిఫిక్స్ (ప్రతి థీసిస్ శాశ్వత లింకులో ముందుండే సంఖ్య), మెయిల్ సర్వర్, సైట్ యూఆర్ఎల్‌లు కలిపినా యాభై లైన్లు దాటవు. ఒక్క సర్వర్, దాన్ని సగం పూట చూసుకునే ఒక్క మనిషి ఉన్న లైబ్రరీకి ఇదే మేలు, అందులో నాకు సందేహం లేదు. రాయడం మాత్రం సోర్స్ ఫోల్డర్‌లోని కాపీలో రాయండి. ఇన్‌స్టలేషన్‌లో రాస్తే పైన చెప్పిన కథే మళ్లీ మొదలవుతుంది.

దీనిలోనూ జనం జారిపడే చోట్లు ఉన్నాయి. పాస్‌వర్డ్‌లో కామా ఉంటే డీస్పేస్ దాన్ని జాబితా అనుకుంటుంది, మొదటి ముక్కే పాస్‌వర్డ్‌గా వెళ్తుంది. లాగ్‌లో డేటాబేస్ లాగిన్ ఫెయిల్ అని వస్తుంది, మనం చేత్తో అదే పాస్‌వర్డ్ కొడితే పనిచేస్తుంది. కామాకు ముందు బ్యాక్‌స్లాష్ పెడితే సరి. అంతకన్నా చెరుపు చేసేది జాబితా సెట్టింగు. లోకల్ ఫైల్లో రాసింది అసలు జాబితాకు కలవదు, మొత్తాన్నీ కప్పేస్తుంది. ఈవెంట్.డిస్పాచర్.డీఫాల్ట్.కన్స్యూమర్స్‌కు (ఏదైనా మారినప్పుడు పని చేయాల్సిన భాగాల జాబితా) కొత్తది ఒకటి చేరుద్దామని దాన్నొక్కదాన్నే రాస్తే సెర్చ్‌ను చూసుకునే డిస్కవరీ అన్న పేరు ఎగిరిపోతుంది. సైటు చక్కగా తెరుచుకుంటుంది, థీసిస్‌లు అప్‌లోడ్ అవుతాయి, సెర్చ్‌లో మాత్రం కొత్తవి ఒక్కటీ కనబడవు. ఎర్రర్ రాదు కాబట్టి, ఎవరో విద్యార్థి తన థీసిస్ దొరకడం లేదని అడిగేదాకా తెలియదు. పాత విలువలన్నీ రాసి, చివర్న కొత్తది చేర్చండి.

ఏడో వెర్షన్‌లో ఇంకోటి: యూఐ యూఆర్ఎల్ (జనం చూసే సైటు చిరునామా), సర్వర్ యూఆర్ఎల్ (దాని వెనక పనిచేసే సర్వర్ చిరునామా) బ్రౌజర్‌లో కనిపించేవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. చివర స్లాష్ ఉండకూడదు. బయట హెచ్‌టీటీపీఎస్ నడుస్తుంటే ఇక్కడ హెచ్‌టీటీపీ అని వదిలేయకూడదు. తేడా వస్తే లాగిన్ దగ్గర 403 (అనుమతి లేదన్న ఎర్రర్) చూపిస్తుంది. ఫ్రంట్ ఎండ్‌కు, అంటే జనానికి కనిపించే సైటు భాగానికి, వేరే ఫైలు ఉంది, కాన్ఫిగ్.ప్రాడ్.వైఎమ్ఎల్. 7.2 నుంచి దీన్ని మారిస్తే మళ్లీ బిల్డ్ అక్కర్లేదు, దాన్ని నడిపే పీఎమ్2 ప్రోగ్రాంతో రీస్టార్ట్ చాలు. వైఎమ్ఎల్‌లో ట్యాబ్ కొట్టకండి, ఖాళీలతోనే జరపండి.

లోకల్.సీఎఫ్‌జీకి చేతకాని పని ఒకటి ఉంది. సబ్మిషన్ ఫారాలు, డిస్కవరీ ఫిల్టర్లు ఎక్స్ఎమ్ఎల్ ఫైళ్లలో ఉంటాయి. వాటిలో మన మార్పును విడదీసి పక్కన పెట్టే వీలు లేదు, ఫైలునే దిద్దాలి. "గైడు పేరు" అని ఒక గడి చేర్చినా అంతే. అందుకే సోర్స్ ఫోల్డర్ గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే సాధనం) ఉండాలి: అసలు విడుదల ట్యాగ్ (ఆ వెర్షన్‌కు పెట్టిన గుర్తు) మీద మీ కమిట్లు, అంటే మీరు నమోదు చేసిన మార్పులు. 7.6 వాడుతుంటే ఆ ట్యాగ్‌తో కాన్ఫిగ్ ఫోల్డర్‌ను గిట్ డిఫ్ చేస్తే ఏజెన్సీ మార్చినవి, మీరు మార్చినవి అన్నీ ఒక్క తెరలో కనిపిస్తాయి. లోకల్ ఫైలు గిట్‌లోకి ఎక్కకపోతే గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా అయిన గిట్‌ఇగ్నోర్ చూడండి. ఎక్కించేముందు పాస్‌వర్డ్‌లు తీసేయండి. పొరపాటున ఎక్కితే లైను చెరిపినా చరిత్రలో ఉంటుంది, పాస్‌వర్డ్ మార్చడమే మార్గం.

మరి ఆ పాస్‌వర్డ్‌లు ఎక్కడుండాలి? అక్కడికే మూడో దారి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్: ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు బయటి నుంచి దానికి అందించే విలువలు. ఇవి లోకల్.సీఎఫ్‌జీ కన్నా బలమైనవి, రెండుచోట్లా విలువ ఉంటే ఎన్విరాన్‌మెంట్‌దే చెల్లుతుంది. పేరులో చుక్క పనికిరాదు కాబట్టి దాని బదులు రెండు అండర్‌స్కోర్లు, పెద్ద పీ, మళ్లీ రెండు అండర్‌స్కోర్లు రాస్తాం. హైఫన్‌కు పీ బదులు డీ. డాకర్‌లో (ప్రోగ్రాంలను విడి పెట్టెల్లో నడిపే సాధనం) నడిపేవాళ్లకు ఇదే సహజం. మామూలు సర్వర్‌లో చిక్కు క్రాన్ (పనులను పెట్టిన వేళకు వాటంతటవే నడిపేది) దగ్గర వస్తుంది. డీస్పేస్‌ను నడిపే టామ్‌క్యాట్ సర్వీసులో పెట్టిన వేరియబుల్ టామ్‌క్యాట్‌కే తెలుసు. రాత్రి రెండింటికి క్రాన్ లేపే ఇండెక్సింగ్, ఫిల్టర్ మీడియా (పీడీఎఫ్‌ల నుంచి సెర్చ్ కోసం పాఠాన్ని తీసేది) పనులకు తెలియదు. పగలు సైటు బాగుంటుంది, రాత్రి పనులు డేటాబేస్ దగ్గర ఆగిపోతాయి. వేరియబుల్స్‌ను 640 పర్మిషన్‌తో (యజమాని రాయగలడు, గ్రూపు చదవగలదు, మిగతావాళ్లకు వీల్లేదు) ఒకే ఫైల్లో పెట్టి, సర్వీసుకూ క్రాన్ స్క్రిప్టుకూ దాన్నే చదివించండి.

చాలా సర్వర్లలో ఒకే సెట్టింగులు వాటంతటవే పెట్టే యాన్సిబుల్ సంగతి క్లుప్తంగా: టెస్ట్, ప్రొడక్షన్, ఇంకో స్టాండ్‌బై ఉంటే వాడండి. ఒక్క సర్వర్‌కు అది నేర్చుకునే శ్రమే ఎక్కువ. వాడితే మాత్రం సర్వర్‌లోకి వెళ్లి చేత్తో దిద్దడం అందరూ మానేయాలి, లేకపోతే తర్వాతి రన్ ఆ దిద్దుబాటును తుడిచేస్తుంది.

ఏ దారి పట్టినా విలువ మార్చిన రోజే టామ్‌క్యాట్‌ను రీస్టార్ట్ చేయండి. చాలా సెట్టింగులను డీస్పేస్ మొదలయ్యేటప్పుడే చదువుతుంది. మార్చిలో చేసిన తప్పు, జూన్‌లో వానకు కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసిన రాత్రి బయటపడితే, మార్చిలో ఏం మార్చామో ఎవరికి గుర్తుంటుంది? రీస్టార్ట్ అయ్యాక బిన్ ఫోల్డర్‌లోని డీస్పేస్ కమాండ్‌కు డీఎస్‌ప్రాప్ అని, హైఫన్ పీ తర్వాత సెట్టింగు పేరు ఇచ్చి అడగండి. మీరు రాసిన విలువే చెబితే సరే. వేరేది చెబితే ముందు ఎన్విరాన్‌మెంట్, తర్వాత ఇన్‌స్టలేషన్‌లోని లోకల్.సీఎఫ్‌జీ, ఆ వరుసలో వెతకండి. క్రాన్ నడిచే యూజర్‌గా మారి కూడా అదే కమాండ్ ఒకసారి కొట్టండి.