"లైనక్స్ వేసి ఇస్తాం" అనే ల్యాప్‌టాప్ కొంటున్నారా? నాకు జరిగింది చదివి కొనండి

వాడిన ల్యాప్‌టాప్‌లు బాగుచేసి, అందులో విండోస్‌కి బదులు లైనక్స్ (ఉచితంగా దొరికే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేసి అమ్మేవాళ్ల దగ్గర కొందామని చూస్తున్నారా? ఒక్క పది నిమిషాలు ఆగండి. నేను ఆగలేదు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇంకో పేరు పెట్టుకుని ఇంకోచోట అమ్ముతారు, అంతే. వాళ్ల పని ఎలా ఉంటుందో చెబుతాను, ఎక్కడ కనపడినా మీరే గుర్తుపడతారు.

ప్రకటనలో ఉన్న మాట ఇది: "లైనక్స్ వేసి, కావలసిన సాఫ్ట్‌వేర్లన్నీ లోడ్ చేసి ఇస్తాం. వైరస్ బెడద లేదు, అప్‌డేట్ల గోల లేదు." ఆ చివరి ముక్క చూసి మురిసిపోయాను. గోల ఎందుకు లేదో తర్వాత తెలిసింది: అసలు అప్‌డేట్లు వస్తే కదా!

మెషీన్ మాత్రం మంచిదే, ఆ మాట ఒప్పుకోవాలి. కీబోర్డు కొత్తదానిలా ఉంది, బ్యాటరీ నిలబడుతోంది. డెస్క్‌టాప్‌ని అచ్చం విండోస్‌లా ముస్తాబు చేశారు. మూడు వారాలు ఏ ఇబ్బందీ లేదు. నాలుగో వారంలో ఫోటోలు సరిచేసుకుందామని డార్క్‌టేబుల్ వేయబోతే సాఫ్ట్‌వేర్ సెంటర్ గిర్రున తిరుగుతూ ఉండిపోయింది. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరిచి 'సుడో ఆప్ట్ అప్‌డేట్' కొట్టాను, ఆప్ట్ అంటే సాఫ్ట్‌వేర్ తెచ్చి వేసే ప్రోగ్రాం, సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపమని. వరసగా ఒకటే మాట: 404 నాట్ ఫౌండ్, అంటే అడిగిన ఫైలు సర్వర్‌లో లేదని.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే "సర్వర్ ప్రాబ్లం సార్, రేపటికి సెట్ అయిపోతుంది" అన్నాడు. రేపు అయింది, ఎల్లుండి కూడా అయింది. మళ్లీ చేస్తే మెసేజ్‌లో ఓ లైను పంపి, "ఇది టెర్మినల్లో పేస్ట్ చేయండి, పాస్‌వర్డ్ అడిగితే కొట్టేయండి" అన్నాడు. మొదట 'కర్ల్', మధ్యలో ఓ నిలువు గీత, చివర 'సుడో బ్యాష్'. ఇప్పుడైతే ఆ ఆకారం చూడగానే చెయ్యి వెనక్కి వస్తుంది. ఇంటర్నెట్లో ఎక్కడో ఉన్న స్క్రిప్టుని, అందులో ఏముందో చూడకుండానే, అడ్మిన్ హక్కులతో నడిపేయమని దానర్థం. అప్పుడు తెలియక పేస్ట్ చేశాను.

404లు మాయమయ్యాయి. హమ్మయ్య అనుకుని డార్క్‌టేబుల్ మళ్లీ అడిగితే, ఆప్ట్ ఓ పెద్ద జాబితా చూపించింది. పైన కొత్తగా వచ్చే ప్యాకేజీలు (లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇలా మూటలుగా వస్తుంది), వాటి కింద తీసేయబోయే ప్యాకేజీలు. ఆ రెండో జాబితా తెర దాటి పైకి వెళ్లిపోయింది, నేను వెనక్కి జరిపి చూడలేదు. చివర వై ఆర్ ఎన్ (అవునా, కాదా) అని అడిగింది, వై కొట్టాను. రీస్టార్ట్ చేశాక నల్ల తెర, దాని మీద తెల్ల అక్షరాల్లో 'లాగిన్' అన్న ఒక్క మాట. డెస్క్‌టాప్ లేదు.

ఇది నా ఒక్కడికే జరిగిన ఘనకార్యం కాదు లెండి. 2021లో లైనస్ సెబాస్టియన్ అనే పేరున్న యూట్యూబర్ పాప్ ఓఎస్ అనే లైనక్స్‌లో స్టీమ్ (ఆటలు కొనుక్కునే యాప్) వేయబోయి ఇలాగే డెస్క్‌టాప్ పోగొట్టుకున్నాడు. ఆయన్ని కనీసం "యెస్, డూ యాజ్ ఐ సే!" అని పూర్తి వాక్యం టైప్ చేయమని ఆప్ట్ అడిగింది. నా దగ్గర ఉత్త వైతో పని అయిపోయింది.

సర్వర్లు చూసుకునే స్నేహితుడొకడు ఆదివారం వచ్చి దాన్ని ముందేసుకుని కూర్చున్నాడు. పావుగంట తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "ఎవడ్రా నీకిది అంటగట్టింది?"

వాడు చూపించినవి ఒక్కొక్కటే చెబుతాను.

అందులో ఉన్నది ఉబుంటు 23.10. లైనక్స్‌ని ఒక్కొక్కరు ఒక్కోలా కూర్చి ఇస్తారు, ఆ కూర్పుని డిస్ట్రో అంటారు, ఉబుంటు అలాంటిదే; 23.10 అంటే 2023 అక్టోబర్‌లో వచ్చిన వెర్షన్. ఉబుంటుది తప్పేమీ లేదు, వాళ్లు అంతా ముందే చెబుతారు. రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చేది ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండేది), దానికి ఐదేళ్లు మామూలు సపోర్ట్. మధ్యలో వచ్చేవాటికి తొమ్మిది నెలలే. 23.10 కథ 2024 జులైలోనే ముగిసింది. నేను కొన్నది ఆ తర్వాత ఏడాదికి. గడువు తీరిన వెర్షన్ల ప్యాకేజీలను మామూలు సర్వర్ నుంచి తీసి, పాతవాటి కోసం ఉన్న వేరే సర్వర్‌లో పెడతారు. 404లు అందుకే. రిపాజిటరీ (ప్యాకేజీలు ఉండే గిడ్డంగి) అడ్రసుని ఆ పాత సర్వర్‌కి మార్చి, అక్కణ్నుంచి 24.04కి ఎక్కితే సరిపోయేదట. ఇక్కడ ఇంకో చిన్న మెలిక ఉంది. చివర 04 ఉంటే ఎల్‌టీఎస్ అనుకోకండి. 22.04, 24.04 ఎల్‌టీఎస్‌లు, 25.04 కాదు. ముందున్నది సరి సంఖ్యో కాదో చూడాలి.

రెండోది, ఆ స్క్రిప్ట్ చేసిన పని. ఉబుంటు రిపాజిటరీలను ఆపేసి, వాటి చోట డెబియన్ అనే ఇంకో డిస్ట్రో టెస్టింగ్ (ఇంకా పరీక్షలో ఉన్న) రిపాజిటరీని తెచ్చి తగిలించింది. రెండూ డెబ్ ప్యాకేజీలే, రెండింట్లోనూ ఆప్టే. కాబట్టి కలిసిపోతాయనిపిస్తుంది, కానీ కలవవు. కొత్త డార్క్‌టేబుల్‌కి కొత్త లిబ్‌సీ (దాదాపు అన్ని ప్రోగ్రాంలూ వాడుకునే మూల లైబ్రరీ) కావాలి. ఆ లిబ్‌సీ మీద మిగతా సిస్టమ్ అంతా కూర్చుని ఉంటుంది. దాన్ని కదిపితే దానితో పొసగనివన్నీ తీసేయాలి. ఆప్ట్ లెక్క సరిగ్గానే వేసింది, డెస్క్‌టాప్‌ని తీసేయడమే ఆ లెక్కకి జవాబు. ఇలా అతుకులు వేసిన సిస్టమ్‌కి డెబియన్ వాళ్లు పేరే పెట్టారు, ఫ్రాంకెన్‌డెబియన్ అని. అంతకంటే ఘోరం, ఆ రిపాజిటరీ లైనులో 'ట్రస్టెడ్ ఈక్వల్స్ యెస్' అని రాసి ఉంది. అంటే ప్యాకేజీల మీద డిజిటల్ సంతకం సరిగ్గా ఉందో లేదో చూడొద్దని ఆప్ట్‌కి చెప్పడం. లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ వేసుకోవడం భద్రం అని మనం చెప్పుకునేదంతా ఆ సంతకం మీదే నడుస్తుంది.

మూడోది చూసినప్పుడు నిజంగా టెన్షన్ వచ్చింది. నా అకౌంట్ కాక ఇంకో యూజర్ ఉన్నాడు, అడ్మిన్ హక్కులతో. బయటి నుంచి లాగిన్ అవడానికి ఎస్ఎస్‌హెచ్ సర్వర్ కూడా నడుస్తోంది. సర్వీస్ కోసం పెట్టాం అంటారేమో, నాకైతే ఒక్క మాట చెప్పలేదు.

మరి మూడు వారాలు నాకెందుకు అనుమానం రాలేదు? ఇది మీరు బాగా పట్టించుకోవాల్సిన విషయం. బ్రౌజర్‌ని ఫ్లాట్‌ప్యాక్‌గా, అంటే డిస్ట్రోతో ముడిపడని వేరే రకం ప్యాకేజీగా వేశారు. ఫ్లాట్‌ప్యాక్‌లు ఎక్కువగా ఫ్లాట్‌హబ్ అనే స్టోర్ నుంచి వస్తాయి, తమకి కావలసిన లైబ్రరీలను రన్‌టైమ్ రూపంలో వెంట తెచ్చుకుంటాయి, కింద ఉన్న డిస్ట్రో ముసలిదైనా వాటికి పెద్దగా పట్టదు. కాబట్టి బ్రౌజర్ ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్‌కి మారుతూనే ఉంది, నేను అంతా అప్‌డేట్ అవుతోందనుకున్నాను. కింద కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ), ఓపెన్ ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) ఏడాది కిందటి భద్రతా రంధ్రాలతో అలాగే ఉన్నాయి. ఇక "లోడ్ చేసి ఇస్తాం" అన్న సాఫ్ట్‌వేర్లంటారా, ఒక ఫోల్డర్లో పడేసిన యాప్‌ఇమేజ్ ఫైళ్లు. యాప్‌ఇమేజ్ మంచి పద్ధతే, ఒకే ఫైలు, నడిపే అనుమతి ఇచ్చి డబుల్ క్లిక్ చేస్తే చాలు. కానీ ప్యాకేజీ మేనేజర్‌కి అది ఉన్నట్టే తెలియదు. కొత్త వెర్షన్ వచ్చినా మీకు చెప్పేవాళ్లు ఉండరు, ఆ ఏర్పాటు ఆ ప్రోగ్రాంలోనే ఉంటే తప్ప.

కాబట్టి అమ్మేవాళ్లు "లైనక్స్ ఉంది" అంటే అది సగం మాటే. అన్నిట్లోనూ కెర్నల్ ఒకటే. ఏ డిస్ట్రో, ఏ వెర్షన్, సాఫ్ట్‌వేర్ ఎక్కణ్నుంచి వస్తుంది, ఇంకా ఎన్నాళ్లు వస్తుంది అన్నదే మనం కొంటున్న సరుకు.

డెబియన్ స్టేబుల్ అయితే దాదాపు రెండేళ్లకోసారి కొత్తది వస్తుంది. 12 వచ్చింది 2023 జూన్‌లో, 13 వచ్చింది 2025 ఆగస్టులో. అందులో ప్రోగ్రాంల వెర్షన్ నంబర్లు పాతవిగా కనిపిస్తాయి. కంగారు పడకండి, చాలావాటికి సెక్యూరిటీ దిద్దుబాట్లను ఆ పాత వెర్షన్‌కే తెచ్చి కలుపుతారు. "పాతది ఉంది సార్, కొత్తది వేసిస్తా" అని ఎవరైనా అంటే అక్కడ జాగ్రత్తపడండి, నా కథ మొదలైంది సరిగ్గా అలాంటి ఉపకారంతోనే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే టూల్‌లో దొంగ కోడ్ బయటపడినప్పుడు డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్‌లలోకి అది చేరిపోయింది, స్టేబుల్‌లోకి మాత్రం రాలేదు. పాతగా ఉండటంలో ఆ సుఖం ఉంది.

ఫెడోరాలో ఆరు నెలలకో విడుదల, ఒక్కోదానికి సుమారు 13 నెలల సపోర్ట్. ఇల్లు సర్దినట్టు నీటుగా ఉంటుంది, డీఎన్ఎఫ్ (ఆప్ట్‌కి అక్కడి జోడీ) చేసిన పనిని 'హిస్టరీ అన్‌డూ'తో చాలావరకు వెనక్కి తిప్పొచ్చు కూడా. కానీ అమ్మేవాళ్ల అల్మారాలో ఏడాది కూర్చున్న ఫెడోరా మీ చేతికొచ్చేసరికి చివరి రోజుల్లో ఉంటుంది. పేటెంట్ల గొడవ వల్ల కొన్ని వీడియో కోడెక్‌లు (వీడియోలు ఆడటానికి కావలసినవి) అందులో రావు, ఆర్‌పీఎం ఫ్యూజన్ నుంచి తెచ్చుకోవాలి. ఆ ఒక్క బయటి రిపాజిటరీ కనిపిస్తే భయపడక్కర్లేదు.

ఆర్చ్ అనే డిస్ట్రో, దాని పిల్లలు (దాని మీద కట్టినవి) వేసి "ప్రపంచంలో ఉన్న ప్రతి సాఫ్ట్‌వేరూ దొరుకుతుంది" అని అమ్మేవాళ్లతో మాత్రం రెండు రెట్లు జాగ్రత్త. ఆ ప్రతి సాఫ్ట్‌వేరూ ఎక్కువగా ఏయూఆర్ నుంచి వస్తుంది. అక్కడ ఉండేవి వాడేవాళ్లే రాసి పెట్టిన బిల్డ్ స్క్రిప్టులు, డిస్ట్రో వాళ్లు పరీక్షించి ఇచ్చినవి కావు. 2025 జులైలో బ్రౌజర్ల పేర్లు తగిలించుకుని మాల్‌వేర్ మోసుకొచ్చిన ప్యాకేజీలు అక్కడ బయటపడ్డాయి, తర్వాత తీసేశారు. ప్యాకేజ్‌బిల్డ్ ఫైలు (ఆ బిల్డ్ స్క్రిప్టే) తెరిచి చదివే అలవాటున్నవాళ్లకి ఏయూఆర్ వరమే. వేరేవాళ్లు అందులోంచి ఏమేం తెచ్చి వేశారో తెలియని మెషీన్‌ని కొనడం మాత్రం నాకు అర్థం కాదు. పైగా ఆర్చ్ రోలింగ్ (వెర్షన్లంటూ లేకుండా నిత్యం మారుతూ ఉండేది), నెలల తరబడి డబ్బాలో పడి ఉంటే మొదటి అప్‌డేట్‌లోనే సంతకాల తాళాలు పాతబడ్డాయని పేచీ పెట్టొచ్చు.

స్నాప్ (ఉబుంటు వాళ్లది, ఫ్లాట్‌ప్యాక్ లాంటిదే) సంగతి ఒక మాట. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తుంది, ఆప్ట్‌తో అడిగినా వచ్చేది స్నాపే. లినక్స్ మింట్ (ఉబుంటు మీద కట్టిన డిస్ట్రో) వాళ్లు అది నచ్చక 2020లో మింట్ 20 నుంచి స్నాప్‌ని ఆపి ఉంచారు. రెండింట్లో ఏదైనా పర్వాలేదు, స్టోర్ అన్నంత మాత్రాన గుడ్డిగా నమ్మకండి. 2018లో స్నాప్ స్టోర్‌లోని ఓ ఆటలో క్రిప్టో మైనర్ దొరికింది. ఓపెన్‌సూసే అనే డిస్ట్రోని తలుచుకుంటే మాత్రం అసూయగా ఉంది. మామూలు ఇన్‌స్టాల్‌లో బీటీఆర్‌ఎఫ్ఎస్, స్నాపర్ (మార్పుకి ముందున్న స్థితిని దాచి ఉంచే ఏర్పాటు) ఉంటాయి, నేను కొట్టిన ఆ వైని బూట్ మెనూ నుంచే వెనక్కి తీసుకోగలిగేవాణ్ని.

డబ్బు కట్టేముందు వీడియో కాల్‌లో అప్‌డేట్ కమాండ్ కొట్టి చూపించమనండి. వెర్షన్, రిపాజిటరీల జాబితా, యూజర్ల జాబితా కూడా చూపించమనండి, మొత్తం కలిపి రెండు నిమిషాల పని. తప్పించుకుంటే వదిలేయండి. అన్నీ బాగున్నా సరే, ఇంటికొచ్చాక తుడిచేసి మీరే కొత్తగా వేసుకోండి. ఐఎస్‌ఓ ఫైలు (ఇన్‌స్టాల్ చేసే డిస్క్ నకలు) అసలు సైట్ నుంచే దించుకుని, సంతకం సరిచూసుకుని మరీ. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ సైట్‌నే హ్యాక్ చేసి, దొంగ ఐఎస్‌ఓకి లింకు మార్చేశారు.

నేను డబ్బు వెనక్కి అడిగితే "సాఫ్ట్‌వేర్‌కి వారంటీ ఉండదు సార్" అన్నాడు. స్నేహితుడూ నేనూ కూర్చుని డెబియన్ 13 వేశాం, గంట కూడా పట్టలేదు. డార్క్‌టేబుల్ ఒక్క కమాండ్‌తో వచ్చింది.

నిన్న ఊరికే చూశాను. ఆ ప్రకటన ఇంకా ఉంది, అదే ఫోటో, అదే ముస్తాబు. కింద చిన్న అక్షరాల్లో ఓ లైను కొత్తగా చేరింది: "గమనిక: దయచేసి సిస్టమ్ అప్‌డేట్ చేయవద్దు."