మొండి ప్రాణమే, కానీ నోరు లేదు: కార్న్ స్నేక్‌తో 11 ఏళ్లు

"ఇది ఏం చేసినా చావదు, బెంగ పెట్టుకోకండి" అని అమ్మినతను చేతిలో పెట్టినప్పుడు కంకి (నా కార్న్ స్నేక్ పేరు, విషం లేని పెంపుడు పాము) బరువు 8 గ్రాములు. చూపుడువేలికి మూడు నాలుగు చుట్లు చుట్టుకుంటే వాడి పొడవు అయిపోయేది. ఇప్పుడు వాడికి 11 ఏళ్లు. నాలుగడుగుల పైనే ఉంటాడు, మొన్న తూచితే 562 గ్రాములు. అమ్మినతని మాట ముప్పాతిక నిజం. ఆ మిగిలిన పాతిక నాకు ఖరీదుగానే తెలిసొచ్చింది. ఆరోగ్యం విషయంలో ఈ జాతికి పదికి ఎనిమిది ఇస్తాను. తగ్గించిన రెండు మార్కుల్లో ఒకటిన్నర నిజానికి నాకే తగ్గించుకోవాలి.

ముందు మంచి చెప్తాను. వీటి సొంత గడ్డ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు. అక్కడ ఉక్కపోతా ఉంది, చలికాలంలో నెలల తరబడి ముడుచుకుని పడుకోవడమూ ఉంది. అందుకే కాబోలు, చిన్న చిన్న హెచ్చుతగ్గులకి అలగవు. బాల్ పైథాన్ అనే ఇంకో రకం పాముని పెంచేవాళ్లు "మూడు నెలలైంది, తినడం లేదు" అని తల పట్టుకుంటుంటే, కంకి ఎలుకని పట్టుకునే ఫోర్సెప్స్ కనపడగానే తల బయట పెట్టేవాడు. రెండో ఏట ఒక రాత్రి మూత క్లిప్పు సరిగా పడలేదు, వాడు మాయం. 19 రోజుల తర్వాత బట్టలుతికే మిషన్ వెనక దొరికాడు. ఒళ్లంతా దుమ్ము, కుబుసం సగం ఊడి సగం అతుక్కుని ఉంది. నీళ్ల గిన్నె ముందు పెడితే మూతి ముంచి తాగుతూనే ఉన్నాడు. దవడ కింద చర్మం లయగా కదులుతుంటే చూస్తూ కూర్చున్నా. నాలుగో రోజుకల్లా ఎలుక తిన్నాడు. మొండితనం అంటే అదీ.

ఇక్కడే నేను బోల్తా పడ్డాను. అంత తట్టుకున్నాడు కదా అని వేడి సంగతి పట్టించుకోవడం మానేశా. పెట్టెలో ఒక వైపు 30 డిగ్రీలు, రెండో వైపు 23, 24 ఉండాలి. నాలుగో ఏడు చలికాలంలో వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ప్రోబ్ (వేడి కొలిచే తీగ కొస) జారి నేరుగా హీట్ మ్యాట్ (పెట్టెకి వేడినిచ్చే పరుపు) మీద పడింది. అది చదివేది మ్యాట్ వేడి కాబట్టి థర్మోస్టాట్ తొందరగా ఆపేసేది, పెట్టెలో మాత్రం చల్లదనం. తెర మీద అంకె నిక్షేపంలా 30 చూపిస్తోంది మరి! ఎన్ని వారాలు అలా గడిచాయో తెలీదు. ఒకరోజు ఎత్తుకుంటే ఊపిరి తీసినప్పుడల్లా సన్నటి ఈల. కుబుసం వదిలే ముందు ముక్కురంధ్రాల్లో పాత చర్మం అడ్డుపడి అలాంటి చప్పుడు మామూలుగా కూడా వస్తుంది కాబట్టి అదేలే అనుకున్నా. కుబుసానికి ముందు నీలంగా మారాల్సిన కళ్లు మారలేదన్నది తట్టలేదు. వారం తర్వాత మూతి మూల ఉమ్మి బుడగ కనిపించింది, తల పైకెత్తి నోరు కొద్దిగా తెరిచి ఊపిరి తీసుకుంటున్నాడు.

సరీసృపాలు చూసే డాక్టరు వివరించాక అర్థమైంది. వీటికి సరిగా పనిచేసే ఊపిరితిత్తి కుడివైపుది ఒక్కటే. మనలా దగ్గి కఫం బయటికి తోయలేవు, లోపలే పేరుకుంటుంది. నోట్లోంచి స్వాబ్ తీసి, మూడు రోజులకొకటి చొప్పున యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు రాశారు. మొదటిది ఆవిడ చేశారు, మిగతావన్నీ ఇంట్లో నేనే. పొలుసుల మధ్య సూది పెట్టడం ఎలాగో చెయ్యి వణుకుతూ నేర్చుకున్నాను. కోలుకున్నాడు. అప్పటినుంచి పెట్టెలో రెండు చివర్లా విడిగా థర్మామీటర్లు ఉంటాయి, థర్మోస్టాట్ తెర మాట ఒక్కదాన్నే నమ్మను.

తిండి దగ్గర రెండు రకాలుగా దెబ్బతిన్నాం. చిన్నప్పుడు తిన్న మర్నాడే ముచ్చటపడి ఎత్తుకుంటే సగం అరిగిన పింకీని (అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల) కక్కేశాడు (ఆ వాసన వర్ణించను). కక్కితే కడుపులో ఆమ్లాలు తిరిగి కుదురుకోవడానికి 10, 12 రోజులు ఖాళీగా వదిలేయాలి. తర్వాత సగం సైజు ఎలుకపిల్లతో మొదలుపెట్టాలి. జాలిపడి వెంటనే ఇంకోటి పెడితే మళ్లీ కక్కుతుంది, పిల్ల పాములు అలా పోవచ్చు కూడా.

రెండోది దానికి వ్యతిరేకం. అడిగాడు కదా అని పెద్దయ్యాక కూడా వారానికో పెద్ద ఎలుక. ఏడో ఏటికి 740 గ్రాములు. తిన్నగా చాచుకుని ఉన్నప్పుడు కూడా పొలుసుల మధ్య చర్మం కనిపించేది, తోకకి ముందు గుమ్మడిపిందెలా ఉబ్బు. కొవ్వు కాలేయానికి పడుతుందని డాక్టరు కేకలేశాక రెండు వారాలకోసారి చిన్న ఎలుకకి దింపాను. ఆ బరువు దిగడానికి ఏడాదిన్నర పట్టింది. కార్న్ స్నేక్‌కి "చాలు" అనడం రాదు, ఆ మాట మనమే అనాలి.

కుబుసం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తడి నాచు వేసిన డబ్బా ఒకటి ఉంచితే మేజోడులా ఒకే ముక్కగా వస్తుంది. రాకపోతే తోక కొస చూడండి, అక్కడ ఉంగరంలా బిగుసుకున్న పాత చర్మం రక్తం ఆడనివ్వదు, కొస ఎండి రాలిపోతుంది.

మొండి ప్రాణం అన్న మాట ఒక్కచోట చెల్లదు. ఎనిమిదో ఏట రెండో పాముని తెచ్చాను, వేరే గదిలో పెట్టకుండా. మొదటి వారంలోనే నీళ్ల గిన్నె అడుగున మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. మైట్స్, రక్తం పీల్చే నలుసంత పురుగులు. కంకి గవదల కింద కూడా పాకేశాయి. పెట్టెలో ఉన్నదంతా పారేసి, టిష్యూ కాగితం మీద ఉంచి, డాక్టరు చెప్పిన మందు కొడుతూ రెండు నెలలు. అది పర్లేదు, వదిలింది. కానీ కొత్తది ఎంత జాగ్రత్తగా పెట్టినా కక్కడం, చిక్కిపోవడం, నడుం మధ్యలో గట్టిగా వాపు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి అని తేలింది. నమ్మదగ్గ మందు లేదు, మామూలు బ్లీచ్‌కి కూడా ఆ క్రిమి చావదు. దాన్ని బాధలేకుండా పంపేశాం. కంకి మలాన్ని విడతలుగా పరీక్షకి పంపిన ఆ నెలల్లో నాకు నిద్ర లేదు. ప్రతిసారీ ఏమీ లేదనే వచ్చింది.

మగదాన్ని తెచ్చుకోవడం నా తెలివి కాదు, అదృష్టం. ఆడవైతే మగతోడు లేకపోయినా గుడ్లు పెట్టొచ్చు, అవి లోపల ఇరుక్కుంటే ఆపరేషన్ దాకా వెళ్తుంది. రంగులు చూసి మురిసిపోయేవాళ్లు సన్‌కిస్డ్ రకం దగ్గర మాత్రం ఒక ప్రశ్న అడగండి: తల్లిదండ్రులకి స్టార్‌గేజర్ జన్యువు పరీక్ష చేయించారా అని. ఆ లోపంతో పుట్టిన పిల్లలు తల తిప్పేసుకుని అదుపు లేకుండా మెలికలు తిరుగుతాయి.

చాలామంది 15 నుంచి 20 ఏళ్లు అంటారు, సరిగా చూసుకుంటే. ఈ వారం వాడి కళ్లు నీలంగా ఉన్నాయి, నిన్న పెట్టిన ఎలుకని మూతితో పక్కకి నెట్టేశాడు. పుస్తకంలో తేదీ వేసి "తినలేదు, కుబుసం" అని రాసుకున్నాను. నాచు తడిపి పెట్టా.