నాలుగు పవర్ సప్లైలు, ఒకే ఎంసీబీ: సీమెన్స్ ఎస్7-400హెచ్ నాలుగేళ్ల రివ్యూ

మాది తాగునీటి పంప్ హౌస్, రాత్రి పూట అక్కడ మనిషి ఉండడు, పంపులు ఆన్ చేయడం ఆపడం వాల్వులు తిప్పడం అన్నీ 22 కిలోమీటర్ల అవతల కంట్రోల్ రూమ్ నుంచే. అందుకే పీఎల్‌సీ, అంటే పంపుల్నీ వాల్వుల్నీ నడిపించే కంట్రోల్ కంప్యూటర్, జంటగా ఉండాలని పట్టుబట్టి ఎస్7-400హెచ్ పెట్టించుకున్నాం. రెండు ర్యాకులు, ర్యాక్‌కి ఒక సీపీయూ, ఒక్కో ర్యాక్‌లో మళ్ళీ రెండేసి పీఎస్407 10ఏ ఆర్ పవర్ సప్లైలు.

ముందు సీపీయూల సంగతి చెప్తా, ఇది మాత్రం నిజంగా మంచి సరుకు. రెండు సీపీయూలూ ఒకే ప్రోగ్రామ్‌ని ఒకేసారి నడుపుతూ ఫైబర్ మీద ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉంటాయి, మాస్టర్, అంటే ఆ సమయంలో పెత్తనం చేస్తున్నది, పోతే రెండోది ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే అందుకుంటుంది, మళ్ళీ మొదటి నుంచి స్టార్ట్ అవ్వడం ఉండదు. ఎంఎస్‌టీఆర్ లైటు ఏ సీపీయూ మీద వెలుగుతుంటే అదే మాస్టర్, ఆర్ఈడీఎఫ్ లైటు వెలిగిందంటే జంట విడిపోయినట్టే. కొనేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, రెండిటికీ ఆర్డర్ నంబరూ ఫర్మ్‌వేరూ ఒకటే ఉండాలి, కాబట్టి స్పేర్ కొన్నప్పుడు కూడా అదే వెర్షన్ చూసి తెచ్చుకోండి. ఇంకోటి, సీపీయూలని కలిపే ఆ రెండు సింక్ ఫైబర్లనీ ఒకే డక్టులో వేయనివ్వకండి, రెండూ ఒక్కసారే తెగితే రెండు సీపీయూలూ ఎవరికి వారే మాస్టర్ అనుకుంటాయి, పంపుల దగ్గర అది చాలా ప్రమాదం.

ఇక అసలు విషయం. ఎండాకాలంలో ఒక రాత్రి రెండున్నరకి కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్, "సార్, స్టేషన్ మొత్తం గ్రే అయిపోయింది, ఏ పంపు రీడింగూ రావట్లేదు" అని. బండేసుకుని వెళ్ళి ప్యానెల్ తలుపు తీస్తే ఒక్క లైటు లేదు, రెండు ర్యాకులూ చీకటి. టార్చ్ వేసి చూస్తే కింద వరసలో ఒకే ఒక్క ఎంసీబీ (షార్ట్ అయితే తనంతట తనే పడిపోయే స్విచ్) పడిపోయి ఉంది. దాని కింది టెర్మినల్ నుంచి వైర్లు లూప్ కొట్టుకుంటూ నాలుగు పీఎస్‌లకీ వెళ్ళాయి, ప్యానెల్ ఫ్యానుకి కూడా అక్కణ్ణుంచే లాగారు. ఆ ఫ్యాన్ వైండింగ్ షార్ట్ అయింది, ఎంసీబీ ట్రిప్ అయింది, అంతే. తెల్లారేసరికి ఊళ్ళల్లో ట్యాంకులు అడుగంటాయి, బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళని చూస్తే నాకు గొంతు పట్టేసింది.

ప్యానెల్ కట్టిన వాళ్ళ పేరు ఇక్కడ రాయను. కానీ ఫ్యాక్టరీలో టెస్ట్ ఎలా చేశారో చెప్పాలి. ఒక్కో పీఎస్‌ని దాని మీదున్న స్విచ్‌తో ఆపి చూపించారు, పక్కది లోడ్ తీసుకుంది, అందరం సరే అని సంతకం పెట్టాం. ఎంసీబీ దింపి చూడమని ఎవ్వరం అడగలేదు, టెస్ట్ అక్కడ చేయాల్సింది.

ఇప్పుడు మార్చేశాం. పీఎస్407 ఏసీతో పాటు డీసీ కూడా తీసుకుంటుంది, చాలామంది ఆ సంగతి పట్టించుకోరు. మా దగ్గర హెచ్‌టీ (హై టెన్షన్) బ్రేకర్ల కోసం 110 వోల్టుల బ్యాటరీ బ్యాంక్ ఎలాగూ ఉంది, అందుకని ప్రతి ర్యాక్‌లో ఒక పీఎస్ యూపీఎస్ మీద, ఇంకోటి ఆ బ్యాటరీ మీద, దేని ఎంసీబీ దానికే. ఫ్యానూ లైటూ వేరే. పంపుల, వాల్వుల సిగ్నళ్ళు వచ్చిపోయే ఈటీ 200ఎమ్ కార్డులకి ఇచ్చే 24 వోల్టుల దగ్గరా అదే పని, రెండు సప్లైలు పెట్టి మధ్యలో డయోడ్ రిడండెన్సీ మాడ్యూల్ (కరెంటు వెనక్కి పోకుండా రెండు సప్లైలనీ కలిపేది) వేశాం. అది లేకుండా నేరుగా కలిపేస్తే ఒకదాని అవుట్‌పుట్ షార్ట్ అయినప్పుడు రెండోదాన్నీ లాగేస్తుంది. సైజింగ్ దగ్గర కూడా మోసపోకండి, లోడ్ 16 ఆంపియర్లుంటే పది ఆంపియర్ల సప్లైలు రెండు కలిపి ఇరవై కదా అని లెక్కేస్తారు, ఒకటి పోయిన రోజు మిగిలిన పది ఆ లోడ్ మోయలేదు, ఏ ఒక్కటైనా మొత్తం లోడ్ మోసేలా ఉండాలి.

చిన్న సంగతి, పీఎస్‌లో ఉండే 3.6 వోల్టుల లిథియం బ్యాటరీలు పవర్ ఆన్‌లో ఉండగానే మార్చాలి, మార్చాక ఎఫ్ఎంఆర్ బటన్ (బ్యాటరీ ఫాల్ట్ చెరిపేది) నొక్కాలి. ప్రోగ్రామింగ్‌కి సీమెన్స్ పాత సాఫ్ట్‌వేర్ స్టెప్ 7 వీ5 కావాలి, కొత్తదైన టీఐఏ పోర్టల్‌లో రాదు, ఇప్పుడు కొత్తగా కొంటుంటే వాళ్ళ కొత్త జంట పీఎల్‌సీ ఎస్7-1500హెచ్ కూడా చూడండి.

ఉన్నదాన్ని వాడేవాళ్ళకి నా మార్కులు 5కి 4.5, ఆ అర పోయింది స్టెప్ 7 వీ5 కోసం పాత ల్యాప్‌టాప్‌ని కాపాడుకుంటూ రావాల్సి రావడం వల్ల. వైరింగ్ మార్చాక మూణ్ణెల్లకోసారి పంపులు నడుస్తుండగానే టెస్ట్ చేస్తున్నాం. మొదటిసారి యూపీఎస్ ఎంసీబీ మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డా, తర్వాత దింపేశా. ప్రెషర్ గేజ్ ముల్లు కదల్లేదు, పంపు మోత అలాగే ఉంది. బ్యాటరీ వైపుది కూడా దింపితే ఆ ర్యాక్ ఆరిపోయింది, రెండో సీపీయూ మీద ఎంఎస్‌టీఆర్ వెలిగింది, కంట్రోల్ రూమ్ అబ్బాయి ఫోన్ చేసి "సార్, ఒక అలారం తప్ప ఇక్కడేం మారలేదు, టెస్ట్ మొదలెట్టారా?" అని అడిగాడు.