కిల్పెక్ చర్చి: చూరు కింద 85 శిల్పాలు

కర్నూలు నుంచి అమ్మ వచ్చినప్పుడు రెండు రోజులు వీలు చూసుకుని ఇంగ్లండ్‌లో మేముండే బర్మింగ్‌హామ్ నుంచి రైల్లో హెర్‌ఫర్డ్ ఊరికి వెళ్ళాం. నా మనసంతా అక్కడికి 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న కిల్పెక్ పల్లె మీదే. 1140 ప్రాంతంలో ఎర్ర ఇసుకరాతితో కట్టిన చర్చి ఉంది అక్కడ. చాలా చిన్నది. లోపల చూడటానికి పావుగంట చాలు. బయట మాత్రం మేము రెండు గంటలు తిరిగాం.

చూరు కింద గోడ చుట్టూ ముందుకు పొడుచుకొచ్చిన రాతి దిమ్మెలున్నాయి. ఒక్కొక్క దాని మీద ఒక్కో బొమ్మ. కుక్క, కుందేలు పక్కపక్కనే ఉన్న బొమ్మ, వాద్యం వాయించేవాడు, పొట్టేలు తల, ఇలా 85 మిగిలాయి. దక్షిణ ద్వారం ఇంకా అద్భుతం. ఒక పాము తోకను ఇంకో పాము మింగుతూ ఉంటుంది, స్తంభం మీద తీగల మధ్య చిక్కుకున్న యోధులు ఉంటారు. దాదాపు 900 ఏళ్ళయినా ఉలి గీతలు తెలుస్తున్నాయి.

కాళ్ళు మడిచి, రెండు చేతులతో యోని చూపిస్తున్న స్త్రీ బొమ్మ దగ్గర అమ్మ ఆగిపోయింది. "మన అలంపురం లజ్జాగౌరి లాగా ఉందే!" అంది. ఇక్కడ దీన్ని షీలా నా గిగ్ అంటారు. అలంపురం విగ్రహానికి తల స్థానంలో పద్మం, దీనికి పెద్ద కళ్ళతో గుండు తల. మన దగ్గర లజ్జాగౌరి సంతానం కోసం మొక్కుకునే దేవత. ఈ బొమ్మ ఎందుకు చెక్కారన్న దాని మీద పండితుల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. అది అమ్మకు చెబితే, "చెక్కినవాళ్ళకి తెలిసే ఉంటుందిలే" అంది.

ఇదే శైలి శిల్పాలు ఒకప్పుడు ఇదే ప్రాంతంలోని షోబ్డన్ అనే పల్లె చర్చిలోనూ ఉండేవి. 18వ శతాబ్దంలో ఆ చర్చిని కూల్చి, తోరణాలను ఆరుబయట అలంకారంగా నిలబెట్టారు. వానకు బాగా అరిగిపోయాయి. కొత్తగా కట్టాలన్న మోజు కిల్పెక్ మీద పడకపోవడం మన అదృష్టం అనిపించింది.

ప్రవేశ రుసుము లేదు, విరాళాల పెట్టె ఉంది. తప్పకుండా వేయండి. పక్కనే పాత కోట దిబ్బ ఉంది, ఎక్కితే రెండు గోడ ముక్కలు మిగిలాయి, అంతే.

బస హెర్‌ఫర్డ్‌లోనే మేలు. మేము దిగిన ఇంట్లో గది శుభ్రంగా ఉంది. శాకాహారులకు పొద్దున బీన్స్, పుట్టగొడుగులు, టోస్ట్ ఇచ్చారు. అమ్మ తెచ్చిన గోంగూర పచ్చడి ఆదుకుంది. కేథడ్రల్‌లో 1300 నాటి ప్రపంచ పటం, గొలుసులతో కట్టిన పుస్తకాల గ్రంథాలయం చూడదగ్గవే. అయినా ఒక్కరోజే ఉంటే ముందు కిల్పెక్‌కే నా ఓటు.

ఇబ్బంది అంతా ప్రయాణంతోనే. తిరుగు ప్రయాణానికి చెప్పుకున్న టాక్సీ గంట ఆలస్యంగా వచ్చింది, ఫోన్ సిగ్నల్ సరిగా లేదు. చలిలో అమ్మతో నిలబడి బాగా టెన్షన్ పడ్డాను. కారు ఉంటే కారులోనే వెళ్ళండి. బైనాక్యులర్స్ పట్టుకెళ్ళండి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి వేసవిలో, ఎండ దక్షిణ ద్వారం మీద పడే వేళకు చేరుకోండి.